పాత పీఎస్2కి కొత్త ఎల్‌ఈడీ టీవీలో మంచి బొమ్మ రావాలంటే

ప్రశ్న: మాది టెక్కలి. 2006లో కొన్న పీఎస్2 స్లిమ్ (టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ 2) ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. మొదట్నుంచీ 21 అంగుళాల డబ్బా టీవీకి పెట్టి ఆడేవాళ్ళం. తిత్లీ తుపాను తరవాత ఆ టీవీని అటక ఎక్కించేశాం. ఈ సంక్రాంతికి 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ కొన్నాం. నేను ఆడిన ఆటలు మా గుంటడికి చూపిద్దామని పీఎస్2 తగిలిస్తే బొమ్మంతా మసక. అక్షరాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది. క్రికెట్ 07లో బంతి సరిగ్గా కనబడదు, బటన్ నొక్కాక బ్యాటు ఆలస్యంగా కదులుతోంది. మనుషులు పొట్టిగా, లావుగా ఉన్నారు. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ 1080పీ’ అని రాసున్న చిన్న డబ్బా పెట్టుకుంటే హెచ్‌డీ అయిపోతుందని కొట్టు అబ్బాయి చెప్పాడు. కొనమంటారా?

జవాబు: ఆ డబ్బా కొనకండి. దానికి పెట్టే డబ్బుతో ముందు వైరు మార్చండి. మీ పీఎస్2 పాడవలేదు, టీవీ కూడా పాడవలేదు. రెంటికీ మధ్య ఉన్న పసుపు వైరు దగ్గరే బొమ్మ సగం చెడుతోంది. మిగతా సగం టీవీ సెట్టింగులది.

మీ వైరుకి మూడు పిన్నులుంటాయి. తెలుపు, ఎరుపు శబ్దానికి. బొమ్మంతా వచ్చేది ఒక్క పసుపు పిన్నులోంచే. వెలుగు, రంగు ఆ ఒక్క తీగలోనే కలిసి రావాలి కాబట్టి పాల్ అనే మన దేశపు టీవీ పద్ధతిలో రంగుని 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర వెలుగు మీద ఎక్కించి పంపుతారు. బొమ్మలోని సన్నటి వివరాలు, అంటే అక్షరాల అంచులు, స్టేడియం కంచె, పిచ్ మీది గీతలు వచ్చేది కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే. టీవీ ఈ రెంటినీ మళ్ళీ విడదీసుకోవాలి. విడదీయలేని చోట సన్నటి గీతని రంగనుకుంటుంది, రంగుని గీత అనుకుంటుంది. మీకు కనిపించే చీమలు అవే. కదిలే చిన్న బంతి చుట్టూ ఉన్న రంగులో కరిగిపోయేదీ అందుకే.

కొట్టు అబ్బాయి చూపించిన డబ్బా ఈ పసుపు వైరునే లోపలికి తీసుకుంటుంది. అప్పటికే కలిసిపోయిన బొమ్మని సాగదీసి 1080 గీతలుగా బయటికి పంపుతుంది. నీళ్ళు కలిసిన పాలని ఎంత పెద్ద గిన్నెలో పోసినా చిక్కబడవు కదా. పైగా ఈ రకం డబ్బాల్లో చాలా వాటికి 4:3 (పాత డబ్బా టీవీ ఆకారం) బొమ్మని 16:9కి (కొత్త వెడల్పు తెర ఆకారం) లాగేసే అలవాటుంది. ఆ లాగుడు డబ్బాలోనే జరిగిపోతే టీవీలో ఎన్ని మీటలు నొక్కినా మనుషులు సన్నబడరు. డబ్బా చేసే పనికి పట్టే ఆలస్యం దీనికి అదనం.

మీక్కావలసింది కాంపొనెంట్ వైరు. ఇందులో వెలుగుకి ఆకుపచ్చ పిన్ను, రంగు వివరాలకి నీలం, ఎరుపు పిన్నులు విడివిడిగా ఉంటాయి. శబ్దానికి తెలుపు, ఎరుపు మామూలే. మొత్తం ఐదు పిన్నులు. ఏ సంవత్సరంలో కొన్న పీఎస్2 అయినా వెనకాల ఉన్న ‘ఏవీ మల్టీ అవుట్’ లోంచి ఈ సిగ్నల్ ఇస్తుంది. లోపల ఏమీ మార్చక్కర్లేదు. పీఎస్3కి కూడా అదే సాకెట్టు కాబట్టి పీఎస్3 కాంపొనెంట్ వైరు అని దొరికినా తీసుకోవచ్చు.

కొనేటప్పుడు చాలామంది ఒకచోట పొరబడతారు. శ్రీకాకుళం వెళ్ళి ఎలక్ట్రానిక్స్ కొట్లో ‘కాంపొనెంట్ వైరు’ అని అడిగితే డీవీడీ ప్లేయర్లకి వాడేది ఇస్తారు. దానికి రెండు వైపులా గుండ్రటి పిన్నులే ఉంటాయి. అది మీ పీఎస్2లో దూరదు. ఒక చివర పీఎస్2 వెనకాల పట్టే బల్లపరుపు ప్లగ్గు, రెండో చివర ఐదు పిన్నులు ఉండాలి. కొట్లో లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మెరిసే బంగారు పూత చూసి మోసపోకండి. పూతవల్ల బొమ్మ మారదు, తేడా తెచ్చేది లోపలి తీగలకి చుట్టిన కవచం. చౌక వైర్లలో తీగలన్నీ ఒకే తొడుగులో కవచం లేకుండా పడి ఉంటాయి. అలాంటిది తగిలిస్తే నిలువు అంచుల పక్కన నీడలాంటి రెండో గీత, ముదురు రంగుల మీద సన్నటి అలలు కనిపిస్తాయి. చేత్తో పట్టుకుంటే కాస్త బరువుగా, లావుగా ఉన్నది ఎంచుకోండి. రెండు మీటర్ల లోపు పొడవు చాలు. ఎక్స్‌టెన్షన్ జోలికి వెళ్ళకండి.

వైరు ఆర్డర్ పెట్టేముందు టీవీ వెనక్కి తిప్పి చూడండి. ‘వై, పీబీ, పీఆర్’ అనో ‘కాంపొనెంట్’ అనో రాసి ఉందా? ఈ మధ్య టీవీల్లో ఆకుపచ్చ, పసుపు రెండు రంగులూ పూసిన ఒకే రంధ్రం పెడుతున్నారు. అది ఏవీకీ కాంపొనెంట్‌కీ ఉమ్మడి. మరికొన్నిటికి గుండ్రటి రంధ్రాలు అసలుండవు, 3.5 మిల్లీమీటర్ల చిన్న జాకులోకి దూర్చే పొట్టి పిల్ల వైరు ఇస్తారు. అలాగైతే టీవీతో వచ్చిన పిల్ల వైరే వాడాలి. బయట దొరికే వాటిలో లోపలి అమరిక ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నా వీడియో పోయే చోట శబ్దం పోతుంది. ఆ జాకు పక్కన ‘ఏవీ’ అని మాత్రమే ఉంటే దానికి కాంపొనెంట్ లేనట్టే. దాని సంగతి తరవాత చెబుతాను.

కొత్త వైరు తగిలించే ముందు, పాత పసుపు వైరు ఉండగానే పీఎస్2లో ఒక మార్పు చేయాలి. డిస్క్ లేకుండా ఆన్ చేస్తే ‘బ్రౌజర్’, ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్’ అని రెండు వస్తాయి. రెండోదాంట్లోకి వెళ్ళి ‘కాంపొనెంట్ వీడియో అవుట్’ మీద ఆగి ఎక్స్ నొక్కండి. అక్కడ ‘ఆర్‌జీబీ’ ఉంటే ‘వై సీబీ/పీబీ సీఆర్/పీఆర్’కి మార్చండి. మళ్ళీ ఎక్స్ నొక్కి, ఆఫ్ చేసి, అప్పుడు వైరు మార్చండి. ఆర్‌జీబీలోనే వదిలేసి కాంపొనెంట్ వైరు తగిలిస్తే బొమ్మ నిలవదు, లేకపోతే రంగులు తారుమారవుతాయి. అప్పుడు మెనూ కనబడదు కాబట్టి సరిచేసుకునే దారీ ఉండదు. అందుకే పాత వైరుని పారేయకండి.

ఈ వైరులో ఎర్ర పిన్నులు రెండు ఉంటాయి. ఒకటి బొమ్మది, ఒకటి కుడి స్పీకరుది. ఆకుపచ్చ, నీలంతో ఒకే గుత్తిలోంచి చీలి వచ్చే ఎరుపు బొమ్మది, తెలుపుతో జతగా వచ్చేది శబ్దానిది. ఇవి అటూ ఇటూ అయితే కుడి స్పీకర్లోంచి గట్టిగా బుర్రుమని మోత వస్తుంది, తెర మీద ఎర్రటి ఛాయలు పోతాయి. భయపడక్కర్లేదు, ఏమీ కాలిపోదు. ఆఫ్ చేసి మార్చి పెట్టండి. మొహాలన్నీ పచ్చగానో ఊదాగానో ఉంటే నీలం, ఎరుపు చోట్లు మారాయో, ఒకటి వదులుగా ఉందో చూడండి. బొమ్మ స్పష్టంగానే ఉండి తెలుపు-నలుపులో వస్తే టీవీ ఇంకా ఏవీ మోడ్‌లోనే ఉందన్నమాట. ఉమ్మడి రంధ్రం ఉన్న టీవీల్లో ఇది చాలా మామూలు. రిమోట్‌లో సోర్స్ మీట నొక్కి కాంపొనెంట్ ఎంచుకోండి. అప్పటికీ తెలుపు-నలుపే వస్తుంటే ఆ రంధ్రం పసుపు వైరుకి మాత్రమే పనికొస్తుందని అర్థం.

ఇక టీవీ సెట్టింగులు. మీ బ్యాటు ఆలస్యం చాలావరకు ఇక్కడే తీరుతుంది. పీఎస్2 పంపే పాల్ బొమ్మలో 576 గీతలుంటాయి. అవి ఒకేసారి రావు. సెకనుకి 50 సార్లు 288 చొప్పున, ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు వస్తాయి. డబ్బా టీవీ వాటిని వచ్చినవి వచ్చినట్టు గీసేసేది. ఎల్‌ఈడీ తెరకి అలా కుదరదు. మొత్తం తెరని ఒకేసారి వెలిగించాలి కాబట్టి ముందొచ్చిన గీతల్ని దాచుకుని, తరవాత వచ్చేవాటితో పోల్చి, ఏది కదిలిందో చూసి అతుకుతుంది. ఇలా దాచుకునే ఒక్కో విడతకీ 20 మిల్లీసెకన్లు పోతాయి. మూడు విడతలు దాచుకునే టీవీలో 60. ఫాస్ట్ బౌలర్ వేసిన బంతికి టైమింగ్ తప్పడానికి అది చాలు.

రిమోట్‌లో సెట్టింగ్స్ తెరిచి ముందుగా గేమ్ మోడ్ పెట్టండి. ఇది ఏ సోర్సులో పెడితే ఆ సోర్సుకే వర్తించడం మామూలు కాబట్టి కాంపొనెంట్ ఎంచుకున్నాకే పెట్టాలి. తరవాత నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ అన్నీ ఆపేయండి. పేర్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. ‘బొమ్మని మెరుగుపరుస్తాం’ అనే ప్రతి మీటా ఆటకి ఆలస్యం తెచ్చేదే. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. పెంచితే అంచుల చుట్టూ తెల్లటి గీత పుడుతుంది తప్ప పీఎస్2 పంపని వివరం కొత్తగా రాదు. ఎంత తగ్గించాలో క్రికెట్ 07 స్కోరుబోర్డు అక్షరాలే చెబుతాయి. తెల్లగీత మాయమైన చోట ఆపండి.

ఆటగాళ్ళు పొట్టిగా, లావుగా ఉండడానికి కారణం 4:3 బొమ్మని 16:9 తెర నిండా పరచడం. అడ్డంగా మూడో వంతు సాగిపోతుంది. పిక్చర్ సైజ్‌లో 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి, వాటిని అలాగే ఉంచండి. 43 అంగుళాల తెర మీద 4:3 బొమ్మ 35 అంగుళాల టీవీ అంత ఉంటుంది. మీ పాత 21తో పోలిస్తే అదే చాలా పెద్దది. ఆరేడు అడుగుల దూరంలో కూర్చుంటే ఇంకా బాగుంటుంది. కొన్ని ఆటలు తామే 16:9 ఇస్తాయి. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో డిస్‌ప్లే సెట్టింగుల్లో వైడ్‌స్క్రీన్ ఉంది. అలాంటి ఆటకి మాత్రం ఆటలోనూ టీవీలోనూ రెండుచోట్లా 16:9 పెట్టాలి. ఒక్కచోటే మారిస్తే మళ్ళీ సాగుడే.

కొన్ని పాల్ డిస్కులు మొదలయ్యేటప్పుడు 50 హెర్ట్జా, 60 హెర్ట్జా అని అడుగుతాయి. 60 ఎంచుకోండి. కదలిక నునుపుగా ఉంటుంది. సరిగ్గా మార్చకుండా పాల్‌కి తెచ్చిన ఆటలు 50లో నెమ్మదిగా నడుస్తాయి, పైనా కిందా నల్ల పట్టీలతో నొక్కుకుపోయి ఉంటాయి. పసుపు వైరుతో 60 పెడితే కొన్ని టీవీల్లో రంగు పోతుంది. కాంపొనెంట్‌లో పాల్, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) అనే రంగు గొడవే లేదు కాబట్టి ఆ ఇబ్బంది రాదు.

వీటన్నిటికంటే మేలైనది 480పీ. ఇందులో సరి-బేసి విడివిడిగా కాకుండా అన్ని గీతలూ ఒకేసారి వస్తాయి, టీవీకి అతికే పని ఉండదు. పీఎస్2 ఆటల్లో కొన్నిటికే ఈ సదుపాయం ఉంది. గాడ్ ఆఫ్ వార్ అమెరికా డిస్కులో ఆప్షన్స్‌లోనే ‘ప్రోగ్రెసివ్ స్కాన్’ దొరుకుతుంది. ఇంకొన్ని ఆటల్లో పీఎస్2 లోగో పోయి తెర నల్లబడగానే ట్రయాంగిల్, ఎక్స్ రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే అడుగుతాయి. ఇక్కడ అమ్మిన పాల్ డిస్కుల్లో చాలావాటికి దీన్ని తీసేశారు కాబట్టి మీ డిస్కులో కనబడకపోతే వైరుని తప్పుపట్టకండి. వచ్చిందో లేదో తెలుసుకోవడానికి టీవీ రిమోట్‌లో ఇన్ఫో మీట నొక్కండి. 576ఐ, 480ఐ, 480పీ అని మూలన రాస్తుంది. ఐ అంటే సరి-బేసి విడివిడిగా, పీ అంటే అన్ని గీతలూ ఒకేసారి. పసుపు వైరు మీద ప్రోగ్రెసివ్‌కి ‘యెస్’ కొడితే మాత్రం బొమ్మ పూర్తిగా పోతుంది.

మెమరీ కార్డులో ఫ్రీ మెక్‌బూట్ (పీఎస్2లో బయటి ప్రోగ్రాములు నడవనిచ్చేది) వేసుకున్నవాళ్ళు జీఎస్ఎం అనే చిన్న ప్రోగ్రాముతో మిగతా ఆటల్నీ బలవంతంగా 480పీలో నడుపుతారు. 2006 పీఎస్2లో అది పనిచేస్తుంది. కాకపోతే కథ చెప్పే వీడియోలు వచ్చే చోట కొన్ని ఆటలు ఆగిపోతాయి. సగం సగం గీతలతోనే బొమ్మ తయారుచేసే ఆటల్లో తెర సన్నగా వణుకుతుంది. ముందు వైరు, సెట్టింగులు కుదిరాక, ఇంకా ఓపిక ఉంటే అప్పుడు చూడండి.

పీఎస్1 డిస్కులు కూడా మీ పీఎస్2లో ఆడుతుంటే ఒక మాట. అవి ఇంకా తక్కువ గీతలతో వచ్చే సిగ్నల్ ఇస్తాయి. చాలా ఎల్‌ఈడీ టీవీలు దాన్ని కాంపొనెంట్‌లో ఒప్పుకోవు, ‘నో సిగ్నల్’ అంటాయి. ఆ డిస్కులకి పసుపు వైరుకే తిరిగి రావాలి.

మీ టీవీకి కాంపొనెంట్ లేదనుకోండి. అప్పుడు హెచ్‌డీఎంఐ తప్పదు, కానీ కొట్టులో చూసిన డబ్బా మాత్రం కాదు. ‘పీఎస్2 టు హెచ్‌డీఎంఐ’ అని నేరుగా పీఎస్2 వెనక సాకెట్టులోనే దూరే బుల్లి ముక్క ఉంటుంది. ఇది పసుపు సిగ్నల్ జోలికి పోకుండా కాంపొనెంట్ సిగ్నల్నే తీసుకుంటుంది. అందుకే పైన చెప్పిన మెనూ మార్పు దీనికీ ముందే చేయాలి. చేయకపోతే రంగులు పిచ్చిగా వస్తాయి, కొన్నవాళ్ళు ముక్క పాడైందనుకుని వెనక్కి పంపేస్తారు. దీనికి టీవీ యూఎస్‌బీ రంధ్రంలోంచి 5 వోల్టులు ఇస్తే చాలు. ఇందులో ఉన్న లోపం ఒకటే. 576ఐ వస్తే 576ఐగానే బయటికి పంపుతుంది. గీతలు అతికే పని టీవీదే. హెచ్‌డీఎంఐలో 576ఐ ఒప్పుకోని టీవీలు కొన్ని ఉన్నాయి, వాటిలో ‘నో సిగ్నల్’ వస్తుంది. వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి.

ఇంకా మెరుగు కావాలంటే రెట్రోటింక్, ఓఎస్ఎస్‌సీ లాంటి పరికరాలున్నాయి. ఆలస్యం దాదాపు లేకుండా గీతల్ని రెట్టింపు చేసి ఇస్తాయి. బయటి దేశాల నుంచి తెప్పించుకుంటే వాటి ఖర్చు మీ పీఎస్2 ఇప్పటి ధరని దాటిపోతుంది. ఓఎస్ఎస్‌సీ సగం గీతల బొమ్మని రెట్టింపు చేసే తీరులో తెర కాస్త రెపరెపలాడుతుంది కూడా. ఒక్క పీఎస్2 కోసం వాటి దాకా వెళ్ళక్కర్లేదు. పాత కన్సోళ్ళు నాలుగైదు ఉన్నవాళ్ళకి అవి పనికొస్తాయి.

వైరు మార్చినా తెర మీద అడ్డంగా వెడల్పాటి నీడ పట్టీ ఒకటి మెల్లగా కిందికో పైకో జారుతుంటే అది పీఎస్2 తప్పు కాదు. కేబుల్ టీవీ వైరు ద్వారా వచ్చే ఎర్త్ తేడా అది. టీవీ వెనక ఉన్న కేబుల్ లేదా డిష్ పిన్ను పీకి చూడండి. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐతో ఉంటే దాన్నీ తీయండి. పట్టీ పోతే కారణం దొరికినట్టే. ఆ కేబుల్ పిన్ను ముట్టుకుంటే చురుక్కుమంటే ఆడేటప్పుడు తీసి పెట్టడంతో సరిపెట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్త్ చూపించండి.

పీఎస్2 వెనక సాకెట్టుని కూడా ఒకసారి శుభ్రం చేయండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి పిన్నుల మీద పొర కడుతుంది. ప్లగ్గుని కాస్త కదిపితే రంగు వచ్చి పోతుంటే అదే కారణం. కరెంటు తీసేసి, మెత్తటి బ్రష్షుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచి పావుగంట ఆరనివ్వండి. వెనిగరు, నిమ్మరసం వాడకండి, పూతని తినేస్తాయి.

ఆఖరుగా అటక మీది టీవీ. దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. పీఎస్2 ఆటలు తయారుచేసినవాళ్ళు అలాంటి తెరనే ఎదురుగా పెట్టుకుని చేశారు. సరి-బేసి గీతలు దానికి సహజం, అతుకుడు లేదు, ఆలస్యం లేదు. తుపాకీతో కాల్చే ఆటల గన్నులు పనిచేసేదీ దాని మీదే. దించాక వెంటనే ప్లగ్గు పెట్టకండి. పొడి గదిలో రెండు రోజులు ఉంచి, వెనక గాలి రంధ్రాల మీది దుమ్ముని బయటి నుంచే బ్రష్షుతో దులపండి. మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. పిక్చర్ ట్యూబుకి వెళ్ళేది 20,000 వోల్టులకి పైమాటే, ప్లగ్గు తీసేశాక కూడా అది లోపల నిలిచి ఉంటుంది. ఆన్ చేశాక కాలిన వాసన గానీ చిటపట శబ్దం గానీ వస్తే వెంటనే ఆపి పాత టీవీలు బాగుచేసే మెకానిక్‌కి చూపించండి. మూలల్లో రంగు మచ్చలుంటే స్పీకర్లని దూరం జరిపి, అరగంట ఆఫ్‌లో ఉంచి మళ్ళీ వేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ అది తనంతట తానే ట్యూబు మీది అయస్కాంతాన్ని పోగొట్టుకుంటుంది.

దించినప్పుడు దాని వెనకా ఒకసారి చూడండి. చివరి రోజుల్లో వచ్చిన డబ్బా టీవీల్లో కొన్నిటికి ‘డీవీడీ ఇన్’ అనో ‘కాంపొనెంట్’ అనో ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంధ్రాలుండేవి. మీదానికి ఉంటే కొత్తగా కొన్న వైరుని ఎల్‌ఈడీకి కాకుండా ముందు దానికి తగిలించి, మీవాడి చేత రెండు ఓవర్లు ఆడించండి.